ఫెస్టివల్ స్టేజీ మీద ఏడు నిమిషాలు

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది స్టాండప్ కామెడీలో ఓపెన్ మైకులు, అంటే ఎవరైనా పేరిచ్చి ఎక్కే షోలు, చేస్తున్నవాళ్లే కాబట్టి జోకు ఎలా రాయాలో చెప్పి మీ టైమ్ తినను. ఓపెన్ మైకులో బాగా పేలిన సెట్, అంటే మీరు ఒక విడతలో చెప్పే జోకుల వరస, కామెడీ ఫెస్టివల్‌కి వెళ్లేసరికి చప్పగా పడిపోవడం మీరు చూసే ఉంటారు. చాలాసార్లు తప్పు జోకుల్లో ఉండదు. గడియారంలోనో, మైకులోనో, మీకంటే ముందు ఎక్కినవాళ్ల సెట్‌లోనో ఉంటుంది. ఈ పూట మాట్లాడేది వాటి గురించే.

ఫెస్టివల్ అనగానే 1947లో మొదలైన ఎడిన్‌బరా ఫ్రింజ్, 1983 నాటి మాంట్రియల్ జస్ట్ ఫర్ లాఫ్స్, 1987 నాటి మెల్‌బోర్న్ ఫెస్టివల్ గుర్తొస్తాయి. ఎడిన్‌బరాలో సోలో షో అంటే సాధారణంగా గంట. స్థానిక ఫెస్టివల్ సంగతి వేరు. అక్కడ ఎక్కువగా లైనప్ షోలే ఉంటాయి: ఒక హోస్ట్, ఐదారుగురు కమెడియన్లు, చివర్లో హెడ్‌లైనర్, అంటే ఆ రాత్రి ప్రధాన కమెడియన్. మీ వాటా ఐదు నుంచి పది నిమిషాలు. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఏడు అనుకుందాం.

ఏడు నిమిషాల స్లాట్‌కి ఏడు నిమిషాల మాటలు రాసుకెళ్లడమే మొదటి పొరపాటు. స్టేజీ ఎక్కి, హోస్ట్‌కి చెయ్యి కలిపి, మైకు సర్దుకునేసరికి పదిహేను ఇరవై సెకన్లు పోతాయి. జనం నవ్వితే ఆ నవ్వులకీ టైమ్ కావాలి, సెట్ బాగా వెళ్తే నిమిషం పైనే. అందుకే ఖాళీ గదిలో, నవ్వుల కోసం ఆగకుండా చదివితే ఐదున్నర నిమిషాలకు మించకూడదు. మీ సెట్ బాగున్న రోజే టైమ్ దాటిపోయే ప్రమాదం ఎక్కువ, విచిత్రం ఏమిటంటే.

ఇక లైట్. టైమ్ దగ్గరపడిందని చెప్పడానికి హాలు వెనక నుంచి ఒక లైట్ చూపిస్తారు. కొన్నిచోట్ల నిమిషం ముందు, కొన్నిచోట్ల రెండు నిమిషాల ముందు. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని నిమిషాల ముందు వస్తుంది అనేది షో మొదలవకముందే టైమ్ చూసే మనిషినే అడగండి. కనబడగానే తల కొద్దిగా ఊపండి, లేకపోతే వాళ్లు ఆ లైట్ ఊపుతూనే ఉంటారు, ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, మీ పంచ్ పోతుంది. లైట్ వచ్చాక కొత్త బిట్, అంటే ఒక విషయం మీద జోకుల ముక్క, ఎత్తుకోకండి. నడుస్తున్నదాన్ని ముగించి నేరుగా ముగింపు బిట్‌కి దూకండి. అలా దూకాలంటే ముగింపు బిట్ ఎన్ని సెకన్లో ముందే తెలిసుండాలి. తొంభై సెకన్ల ముగింపుని నిమిషం లైట్‌లో పట్టించబోతే చివరి పంచ్ దగ్గరికి వచ్చేసరికి టైమ్ దాటిపోయి ఉంటుంది.

దీనికి మందు, సెట్‌లో తీసేయదగ్గ చోట్లు ముందే గుర్తుపెట్టుకోవడం. చూడ్డానికి తేలికే కానీ ఒక చిక్కుంది. ముగింపులో కాల్‌బ్యాక్, అంటే ముందు చెప్పిన జోకుని మళ్లీ గుర్తుచేసే జోకు, ఉంటే, అది ఏ బిట్‌ని గుర్తుచేస్తోందో ఆ బిట్‌ని తీయకూడదు. తీస్తే చివర్లో మీరు గుర్తుచేసే సంగతి జనం విననే లేదు, హాలంతా మొహమొహాలు చూసుకుంటుంది. కాబట్టి సెట్ కాగితం మీద ప్రతి బిట్ పక్కనా దాని నిడివి సెకన్లలో రాసుకోండి, కాల్‌బ్యాక్‌కి అవసరమైన వాటి కింద గీత గీయండి. గీత లేనివే కోతకి పనికొస్తాయి. షో ఆలస్యమై, "బ్రో, ఐదు నిమిషాలే" అని హోస్ట్ చెవిలో చెప్పిన రోజున ఈ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

టైమ్ దాటడం చిన్న విషయం కాదు. ఆరుగురు తలా రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే పన్నెండు నిమిషాలు, అంటే హెడ్‌లైనర్ సెట్‌లో పెద్ద ముక్క. సగటు సెట్ చేసి టైమ్‌కి దిగినవాణ్ని నిర్వాహకులు మళ్లీ పిలుస్తారు. అదరగొట్టి నాలుగు నిమిషాలు దాటినవాణ్ని పిలవడానికి ఆలోచిస్తారు. నన్నడిగితే అది న్యాయమే.

మీ క్రమం ఏమిటన్నది మీ చేతిలో ఉండదు గానీ దానికి తగ్గట్టు సెట్ మార్చుకోవడం మీ చేతిలోనే ఉంది. మొదట ఎక్కుతున్నారంటే జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటారు, ఫోన్లు లోపల పెట్టి ఉండరు. పొడుగు కథలు అప్పుడు వద్దు. అరనిమిషంలోపు ఒక నవ్వు రావాలి. మధ్యలో ఎక్కేవాళ్లకి అసలు ప్రమాదం ఒకే టాపిక్ మీద ఇద్దరు మాట్లాడటం. డేటింగ్ యాప్‌లు, జిమ్, ఫోన్ వాడటం రాని అమ్మానాన్నలు, వీటి మీద ఒకే రాత్రి ముగ్గురు మాట్లాడిన షోలకి లెక్క లేదు. గ్రీన్ రూమ్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సెట్ బట్టీ పట్టేవాడికి ఈ సంగతి స్టేజీ మీద తెలుస్తుంది, అదీ మొదటి నిశ్శబ్దంలో. షో మొదలైనప్పటి నుంచీ హాలు వెనక నిలబడి అందరి సెట్లూ వినండి. మీ టాపిక్ అయిపోయిందంటే తీసేయడం మంచిది. తీయలేకపోతే "జిమ్ గురించి ఇందాకే విన్నారు, నేను మానేసినవాడి వైపు నుంచి చెప్తా" అని ఒక్క ముక్కలో ఒప్పేసుకోండి. ఒప్పుకోకుండా మొదలుపెడితే మాత్రం కాపీ కొట్టాడనుకుంటారు, ఆ జోకు మీరు మూడేళ్ల కిందట రాసినా సరే.

మీ ముందువాడు హాలు ఊపేసి దిగాడనుకోండి. వెంటనే అంతే గొంతుతో మొదలెట్టకండి. జనం నవ్వి నవ్వి అలిసి ఉన్నారు. మైకు తీసుకుని, స్టాండు పక్కన పెట్టి, నాలుగైదు సెకన్లు ఊరికే చూడండి. గది మీ వేగానికి దిగొస్తుంది. ముందువాడి సెట్ ఘోరంగా పోతే దాని మీద జోకులేయకండి. జనానికి అతని మీద జాలి ఉంటుంది, ఆ జాలి మీ మీద కోపంగా మారుతుంది.

గది గురించి ఒక పరిశోధన చెప్పాలి. నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని గమనించాడు. కాబట్టి ఎనభై కుర్చీల గదిలో అరవై మంది, మూడొందల కుర్చీల హాల్లో చెల్లాచెదురుగా కూర్చున్న వంద మంది కంటే మేలు. ముందు వరసలు ఖాళీగా ఉంటే వెనకవాళ్లని ముందుకు రప్పించమని షో మొదలయ్యేలోపే హోస్ట్‌ని అడగండి. మీరు ఎక్కాక ఆ పని పెట్టుకుంటే మీ టైమే పోతుంది. జనం మీద లైట్లు ఆర్పించండి, వెలుతురులో ఉన్న మనిషి నవ్వడానికి పక్కవాళ్లని చూసుకుంటాడు.

ఆరుబయట స్టేజీ అయితే కథ మారుతుంది. పైకప్పు లేదు కాబట్టి నవ్వు పైకి పోతుంది, మీ దాకా సగమే వస్తుంది. పైగా ముప్ఫై నాలుగు మీటర్ల దూరంలో ఉన్నవాడికి స్టేజీ స్పీకర్ల శబ్దం చేరడానికి సెకనులో పదో వంతు, అతని నవ్వు తిరిగి రావడానికి మరో పదో వంతు. నవ్వట్లేదనుకుని కమెడియన్ వేగం పెంచుతాడు, తర్వాతి సెటప్, అంటే పంచ్‌కి ముందు చెప్పే భాగం, మొదలెట్టి వస్తున్న నవ్వునే తొక్కేస్తాడు. ఆరుబయట చెవిని నమ్మకండి, ముందు రెండు వరసల మొహాలు చూసి గ్యాప్ ఇవ్వండి.

మైకు. చాలా స్టేజీల మీద కనబడేది 1966లో వచ్చిన షూర్ ఎస్ఎమ్58 గానీ ఆ తరహాది గానీ. అది ఎదురుగా ఉన్న శబ్దాన్ని బాగా పట్టి, వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గిస్తుంది. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే ఆ గుణం పోతుంది, స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి దూరి కుయ్‌మంటుంది. కాడ పట్టుకోండి. నోటికి రెండు మూడు వేళ్ల దూరం, కొద్దిగా వాలుగా. అరిచే చోట జానెడు వెనక్కి లాగండి. తల తిప్పితే మైకూ గడ్డంతో పాటే తిరగాలి, ఇది మరిచే పంచ్‌లు వినబడవు. మైకు స్టాండు క్లిప్పులో ఇరుక్కుంటే లాగకుండా కొంచెం తిప్పి పైకి తీయండి. తీశాక ఆ స్టాండుని మీ వెనక్కి జరపండి. వైర్‌లెస్ అయితే హోస్ట్ దిగుతూ స్విచ్ ఆపాడేమో మొదటి మాటకి ముందే చూసుకోండి.

తెలుగులో చేసేవాళ్లకి ఉన్న ఒక ఇబ్బంది. నవ్వు తెప్పించే మాట వాక్యం చివర పడాలి, మన వాక్యంలో చివర క్రియ కూర్చుంటుంది. "పెళ్లికొడుకు తప్ప అందరూ పెళ్లి ఫొటోల్లో ఉన్నారు" అంటే నవ్వు మొదట్లోనే అయిపోయింది, మిగతా మాటలు దాని మీద పడతాయి. "పెళ్లి ఫొటోల్లో అందరూ ఉన్నారు, పెళ్లికొడుకు తప్ప." ఇప్పుడు సరిపోయింది. మామూలుగా మాట్లాడేటప్పుడు మనం ఇలా తిప్పి చెబుతూనే ఉంటాం, కాగితం మీద రాసేటప్పుడే బడి పుస్తకం వాక్యం వస్తుంది. ప్రతి పంచ్‌నీ బయటికి చెప్పి చూడండి, కీలకమైన మాట తర్వాత ఇంకేమైనా మిగిలితే కోసేయండి.

మరిచిపోవడం అందరికీ జరుగుతుంది. బిట్‌కి ఒక మాట చొప్పున మందపాటి నల్ల మార్కర్‌తో రాసి స్టూలు మీద నీళ్ల సీసా పక్కన పెట్టుకోండి. నీళ్లు తాగినట్టే ఉంటుంది. మధ్యలో ఎవరైనా అరిస్తే, అది హాలంతా విందా అని చూడండి. ముందు వరసకే వినబడితే వదిలేయండి, లేదా ఆ మాటని మైకులో మళ్లీ చెప్పి అప్పుడు జవాబివ్వండి. ప్రశ్న వినని జనానికి జవాబు జోకు కాదు.

చివరిగా రికార్డింగ్. నిర్వాహకులు వీడియో తీస్తుంటే సెట్ మొత్తం పెడతారా, క్లిప్పా, మీకు కాపీ ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా అడగండి. నెట్‌లోకి వెళ్లిన జోకు మళ్లీ స్టేజీ మీద అంత పేలదు. మీ సొంత ఆడియో కూడా తీసుకోండి, జేబులో ఫోన్‌తో కాదు, దానికి మీ గొంతే పడుతుంది. హాలు మధ్యలో కూర్చున్న స్నేహితుడి చేతికివ్వండి. మర్నాడు వింటూ ప్రతి పంచ్ పక్కనా వచ్చిన నవ్వుని బట్టి సున్నా, ఒకటి, రెండు వేయండి. మూడు వేర్వేరు గదుల్లో సున్నా వచ్చిన పంచ్ పోవాల్సిందే. ఒక్క రాత్రే సున్నా వచ్చిందంటే, కొట్టేసే ముందు ఆ రోజు మీరు ఎన్నో నంబరు, మీ ముందు ఎవరు ఏం మాట్లాడారు, మైకు ఎలా ఉంది అన్నవి చూడండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.