మంచులో, మంచు పైన, మంచు అంచున: లంబసింగి నుంచి అరకు దాకా కెమెరాతో

[దృశ్యం: తెల్లవారుజాము చీకటి. కారు అద్దంలోంచి ఘాట్ రోడ్డు. లైట్ల ముందు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.]

నమస్కారమండీ. టైం నాలుగున్నర. నర్సీపట్నం దాటి డౌనూరు దగ్గర ఘాట్ ఎక్కాం. కింద స్వెట్టర్ అక్కర్లేదనిపించింది. ఇక్కడ మలుపు మలుపుకీ చలి పెరుగుతోంది.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. కొర్ర అంటే కర్ర, బయలు అంటే ఆరుబయట. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని చెబుతారు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరుల్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా దిగిపోతుంది.

మనకి మంచు అనేది ఒకటే మాట. హిమాలయాల మీద కురిసేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, ఇదిగో దారి మూసేసినదీ మంచే. ఫొటో తీసేవాడికి మాత్రం ఇవి వేరు వేరు. ఇక్కడ దొరికేది పొగమంచు. దానికి మనం ఎక్కడ నిలబడ్డామన్నదాన్ని బట్టే ఫొటో వస్తుంది. లోపలా, పైనా, అంచునా? అందుకే ఈ దారికి మూడు ఉదయాలు పెట్టుకున్నాను.

[దృశ్యం: ఆగిన కారు. లో బీమ్, హై బీమ్ మార్చి చూపించాలి.]

ముందు డ్రైవింగ్ మాట. మంచులో హై బీమ్ వేస్తే దారి ఇంకా కనిపించదు. గాల్లో ఉన్న నీటి బొట్లు ఆ వెలుతురంతా తిరిగి మన కళ్లలోకే కొడతాయి. లో బీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. ఎదురుగా ఎక్కే బండి వస్తే, దిగే బండే ఆగి దారివ్వాలి. సీను ఎంత బాగున్నా మలుపులో ఆపకండి. వెనకొచ్చే బస్సుకి మీరు కనబడేది చివరి క్షణంలోనే. బండి పూర్తిగా రోడ్డు దిగేంత జాగా దొరికేదాకా వెళ్లి, కావాలంటే వెనక్కి నడిచి రండి.

[దృశ్యం: లంబసింగి. రోడ్డు పక్క చలిమంట, టీ కొట్టు. చెట్లు నీడల్లా కనిపిస్తుంటాయి.]

ఇంత మంచు ఎలా వచ్చింది? పగలు ఎండ తాగిన నేల, రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బుంటే అది దుప్పటిలా వేడిని కాస్త ఆపుతుంది. మబ్బు లేకపోతే నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు కదా, కొండవాలు మీదుగా జారి పల్లంలో చేరుతుంది. పొలాల తడి, వాగుల తడి అక్కడే చిన్న చిన్న బొట్లుగా మారుతుంది. అదే ఈ మంచు.

అందుకే నేను వాతావరణం యాప్ కంటే రాత్రి ఆకాశాన్ని నమ్ముతాను. పది గంటలప్పుడు బయటికొచ్చి చూడండి. చుక్కలు స్పష్టంగా ఉండి ఆకు కదలకపోతే అలారం పెట్టుకోండి. గాలి గట్టిగా వీస్తుంటే హాయిగా పడుకోండి.

ఇప్పుడు కెమెరా. మంచు ఫొటోలు బూడిద కలిపినట్టు వచ్చాయని చాలామంది అంటారు. కెమెరాకి తెలుపు అంటే ఏంటో తెలియదు, ఎంత వెలుతురు వస్తోందో మాత్రమే తెలుసు. ఎదురుగా అంతా తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని (కెమెరా ఎంచుకున్న వెలుతురుని మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ ఒకటి దాకా పెంచండి. ఫోన్ అయితే తెర మీద వేలు పెట్టి, సూర్యుడి గుర్తుని పైకి జరపండి.

[దృశ్యం: ఒకే చెట్టు, రెండు ఫొటోలు పక్కపక్కన. ఒకటి బూడిద రంగు, ఒకటి తెలుపు.]

తేడా చూశారా? రెండోది మా కళ్లకి కనిపించినట్టుంది. ఫొటో రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ సెట్టింగ్ కూడా ఆటోలో వదలకండి. తెల్లవారుజామున ఉండే ఆ నీలాన్ని కెమెరా తప్పనుకుని సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో పెడితే చలి చలిలాగే ఉంటుంది, ఈ చలిమంట మంటలాగే ఉంటుంది. నాకు ఈ ఊళ్లో బాగా ఇష్టమైన ఫొటో అదే. చుట్టూ నీలం, మధ్యలో ఒక్క నారింజ చుక్క, దాని చుట్టూ చేతులు చాపిన మనుషులు. అడిగి తీయండి. వాళ్లు చలి కాగుతున్నారు, మన కోసం నిలబడలేదు.

మంచు లోపల ఉన్నప్పుడు దూరం వెతక్కండి, దొరకదు. దగ్గరగా ఒక ముదురు వస్తువు, చెట్టో బండో, దాని వెనక కాస్త లేతగా ఇంకోటి, ఆ వెనక ఇంకా లేతగా మరోటి. ఆ మెట్లే లోతు. ఆటో ఫోకస్ తడబడుతుంది, కాబట్టి చెట్టు మొదలు అంచు మీద ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చేయండి.

[దృశ్యం: చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు. కాఫీ తోటలు. మరుసటి రోజు చీకట్లో టార్చిలైట్ల వరుస.]

రెండో ఉదయం, పాడేరు దగ్గరి వనజంగి కొండ. పాడేరులో పడుకుని, కొండ కింద కారు ఆపి, చీకట్లోనే ఎక్కాలి. నిన్న మనల్ని కమ్మేసిన మంచే ఇవాళ మన కాళ్ల కింద పాలసముద్రంలా ఉంటుంది. చల్లగాలి లోయలో అడుగున ఉండిపోయింది, దాని పైన కాస్త వెచ్చటి గాలి మూతలా కూర్చుంది. ఆ మూత దాటి మనం పైకొచ్చాం.

ఈ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు. డిసెంబరు చివర్లో ఇక్కడ దాదాపు 25 డిగ్రీలు ఆగ్నేయం వైపు జరిగి, ఆరున్నరకి కాస్త అటూ ఇటూగా వస్తాడు. ట్రైపాడ్ ఎటు పెట్టాలో ముందే చూసుకోండి. వైడ్ లెన్స్ ఒక్కటే పెట్టుకుని కూర్చోకండి. వైడ్‌లో ఈ సముద్రం సన్నటి తెల్ల గీత అయిపోతుంది. జూమ్ చేసి, మంచులోంచి తేలిన రెండు మూడు శిఖరాలు మాత్రమే పట్టండి. వరుసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరకొస్తాయి.

[దృశ్యం: సూర్యుడు వచ్చాడు. జనం ఫోన్లు ఎత్తి తీస్తున్నారు. కాసేపటికి దిగిపోతున్నారు.]

ఈ వీడియో చేసిందే ఇప్పుడు చెప్పబోయే మాట కోసం. మొదటిసారి వచ్చినప్పుడు నేనూ సూర్యుడు రాగానే బ్యాగు సర్దేశాను. సగం దిగాక వెనక్కి తిరిగితే, కొండ వెనక మంచు విడిపోతోంది. చేతిలో కెమెరా లేదు, పైకి పరిగెత్తే ఓపికా లేదు. ఆ తర్వాత ఎప్పుడూ గంట లోపు దిగలేదు.

ఎండ తగిలాక నేల వేడెక్కుతుంది, మంచు కదలడం మొదలవుతుంది. అప్పటిదాకా చాపలా పరుచుకున్నది ముక్కలై వాలు వెంట పైకి పాకుతుంది. ఒక చోట చెట్ల చివర్లు తేలతాయి, నిమిషం తిరక్కుండా మునిగిపోతాయి. ఎండ పక్కనుంచి తగిలి ప్రతి ముక్కకీ ఒక నీడ వస్తుంది. సూర్యోదయం రోజూ ఉండేదే. అది అయ్యాక వచ్చే ఈ నలభై నిమిషాలు ఏ రోజుకారోజు వేరు.

[దృశ్యం: హుకుంపేట మీదుగా అరకు దారి. మూడో ఉదయం. పసుపు పచ్చటి వలిసె పొలాలు.]

మూడో ఉదయం, అరకు. ఇక్కడ మంచు అంచు దొరుకుతుంది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె పూస్తుంది. అది నూనెగింజల పంట, ఎవరో దున్ని విత్తిన పొలం. లోపలికి తొక్కుకుంటూ వెళ్లకండి. రైతు ఫొటోకి డబ్బు అడిగితే ఇచ్చేయండి, న్యాయమైన మాటే అది.

గట్టు మీదే మోకాళ్ల మీద కూర్చోండి. ఒక్క పువ్వు దగ్గరకి రండి, జానెడు దూరం. రెక్క కొసన ఒక బొట్టు వేలాడుతోంది. సూర్యుడు మీకు ఎదురుగా ఉండేలా జరగండి, బొట్టు మీదే ఫోకస్ చేయండి.

[దృశ్యం: బొట్టు, బాగా దగ్గరగా. లోపల పొలం తలకిందులుగా.]

చూశారా? పొలం, కొండ, ఆకాశం, అన్నీ తలకిందులుగా ఆ బొట్టులో ఉన్నాయి. బొట్టు ఒక లెన్స్ లాంటిదే. ఎండ ముదిరితే ఆరిపోతుంది, గాలికి ఊగితే రాలిపోతుంది. ఊపిరి కూడా పక్కకి వదలండి.

[దృశ్యం: అనంతగిరి ఘాట్. కాఫీ మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు.]

తిరుగు దారి అనంతగిరి మీదుగా. కాఫీకి నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు సన్నగా, నిటారుగా ఉంటాయి. వాటి మధ్య కాస్త మంచు మిగిలి ఉండి, ఎండ వెనకనుంచి వస్తే, కిరణాలు కర్రల్లా కనిపిస్తాయి. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగి ఒకసారి చూడండి, కానీ మధ్యాహ్నం ఎండలో ఏమీ రాదు.

చివరిగా, చల్లటి కెమెరాని వెచ్చటి గదిలోకి తెస్తే లెన్స్ మీద నీరు పడుతుంది. కొండ దిగి వైజాగ్ ఉక్కలోకి వచ్చినా అంతే. కారెక్కే ముందే బ్యాగులో పెట్టి జిప్పు వేసేయండి, ఇంటికెళ్లాక ఒక గంట తెరవకండి. అంతసేపు ఆగలేరని తెలుసు. మెమరీ కార్డు మాత్రం కొండ మీదే తీసి జేబులో వేసుకోండి.