రెండు పేర్లు కలిపేముందు

అందరికీ నమస్కారం. రెండు పేర్లు కలిపి పిల్లలకు పెట్టే కలగలుపు పేర్లు ఈకాలం మోజని పెద్దలు కొట్టిపారేస్తుంటారు. అది న్యాయం కాదు. మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో మునివెంకటప్పలూ మునికృష్ణలూ ఎంతమంది లేరు! అవీ కలిపిన పేర్లే. కాకపోతే అప్పుడు నిండు మాటలు కలిపారు, ఇప్పుడు తుంచిన ముక్కలు కలుపుతున్నాం. చిక్కంతా ఆ తుంచే చోటే.

నాన్న మహేశ్, అమ్మ శిరీష అనుకోండి. నాన్న పేరు ముందుముక్క ‘మహే’ని ‘మహి’గా కుదించి, అమ్మ పేరు చివరక్షరం కలిపితే పాపకు ‘మహిష’ అని వస్తుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మహిషమంటే దున్నపోతు! ‘మహిశ’ అని రాసుకున్నా పిలుపులో తేడా తెలియదు. మహేశ్‌లో ఉన్నవి మహా, ఈశ. గుణసంధిలో ఆ, ఈ కలిసి ఏ అయ్యాయి. ‘మహే’ దగ్గర విరిస్తే రెండూ పోతాయి. శిరీషం దిరిసెన పువ్వు. అందులోంచి ‘ష’ ఒక్కటే లాగితే పువ్వు మిగలదు. అదే పాపకు ‘మహిశ్రీ’ అని పెడితే? మహి భూమి, శ్రీ సంపద. రెండూ నిండు మాటలు, పైగా అమ్మానాన్నల పేర్లు చెవికి తగులుతూనే ఉంటాయి.

‘యశ్విత’ లాంటివి ఇంకో రకం. యశస్విలో మాట యశస్, ప్రత్యయం విన్. హర్షితలో ప్రత్యయం ‘ఇత’. రెండు తోకలూ అతికిస్తే యశస్సు లీలగా వినబడుతుందే తప్ప వ్యాకరణం ఒప్పదు. ఫోన్లో ఏ పేరుకు అర్థం వెతికినా ‘లక్ష్మీదేవి’ అని చూపిస్తే నమ్మేయకండి. లక్ష్మీ అష్టోత్తరంలో ఉన్నవి 108 నామాలే, తీసి చూసుకోండి.

నక్షత్రాక్షరం దగ్గరా ఇబ్బంది ఉంది. రోహిణికి ఓ, వా, వీ, వూ, హాయిగా దొరుకుతాయి. హస్త మూడో పాదానికి ‘ణ’ వస్తే దాంతో తెలుగులో మాటే మొదలవదు. అప్పుడు లేని పేరు పుట్టించనక్కర్లేదు. జన్మనామం బియ్యంలో రాసి, వ్యవహారనామం వేరే పెట్టుకోవడం మన ఆచారంలో ఉన్నదే.

తొందరా వద్దు. జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ, పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగా ఉంచవచ్చు. 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీకి ఈ జనన ధ్రువపత్రమే ఆధారం. సంఖ్యాశాస్త్రం కోసం ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ పెట్టాలనుకుంటే ఇక్కడే పెట్టండి, ఆధార్‌లోనూ అదే రాయించండి. పత్రం చేతికొచ్చాక తెలుగు వరుసా, ఇంగ్లీషు వరుసా అక్షరం అక్షరం చదివాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.