బోర్డింగులో వంతులు

శ్రోతలకు నమస్కారం. చిత్తూరు పాతతరం వాళ్ల నోట మిషను వసతి పాఠశాలకు ఉన్న పేరు 'బోర్డింగు'. అమెరికా నుంచి వచ్చిన స్కడర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషనును నెలకొల్పారు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటులో భాగం. విడి జిల్లా అయింది 1911లో. మిషను తొలి రోజుల్లోనే చిత్తూరులో ఆడపిల్లలకు వసతితో కూడిన బడి వెలసింది.

వాళ్లకు చదువెందుకన్న ప్రశ్నకు మిషనరీల జవాబు సూటిగా ఉండేది. విశ్వాసి తన వేదాన్ని, అంటే బైబిలును, తానే చదువుకోవాలన్నది ప్రొటెస్టంటు సంప్రదాయం కనుక, అక్షరం రాని స్త్రీ సగం విశ్వాసిగా మిగిలిపోతుందని వాళ్లు భావించారు. ఊరూరా తిరిగి క్రైస్తవ బోధ చేసే ఉపదేశికి చదువు వచ్చిన ఇల్లాలు కావాలన్నది మరో లెక్క. ఈ రెండో ఆశయం ఇరుకైనదని నా అభిప్రాయం. అది పిల్ల కోసం కాక, ఆమెకు రాబోయే మొగుడి కోసం వేసిన లెక్క.

మూడో ఆశయం వేరే తీరుది: పిల్లలు తమ పని తామే పంచుకొని చేసుకోవడం. 1837లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని సౌత్ హాడ్లీలో మేరీ లయన్ అనే ఉపాధ్యాయిని ఆడపిల్లల కోసం మౌంట్ హోల్యోక్ విద్యాలయాన్ని తెరిచింది. పచ్చ మఖమలు సంచీ పట్టుకొని ఊళ్లు తిరిగి చందాలు పోగుచేసిన మనిషి ఆమె. రైతు బిడ్డలు సైతం చదువుకోగలగాలని ఏడాదికి 60 డాలర్ల రుసుమే పెట్టి, వంట, ఊడ్పు, ఉతుకు విద్యార్థినులే వంతులవారీగా చేసుకొనే ఏర్పాటు చేసింది. అక్కడి పట్టభద్రులు ఎందరో మిషనరీలుగా దేశదేశాలకు వెళ్లారు. మిషను బోర్డింగుల్లో ఇంటిపనిని పిల్లలకు పంచే పద్ధతి మన దేశంలోనూ వ్యాపించింది.

అక్కడ ఖర్చు తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు ఇక్కడ మరో పని చేసింది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగాలో కులమే నిర్ణయించే సీమలో, ఈ రోజు నీ వంట, రేపు ఆమె వంట, అందరిదీ ఒకే పంక్తి అన్న నియమం ఎంత పెద్ద పాఠమో ఊహించండి.

మా అవ్వ 1930ల్లో అలాంటి ఒక బోర్డింగులో చదివింది. పాఠాల కంటే వంతుల గురించే ఎక్కువ చెప్పేది. తెల్లవారకముందే రాగులు విసరాలి, బావి నుంచి పన్నెండు కడవలు తోడాలి, సంకటి కెలికే తెడ్డు తన ఎత్తు ఉండేది. ఆ తడి చేతులతోనే పలక పట్టుకుంటే బలపం జారిపోయేదట. వేలూరు వెళ్లి నర్సు చదవాలని ఆమెకు కోరిక. చిత్తూరుకు 35 కిలోమీటర్ల దూరంలోని ఆ పట్టణంలో 1918లో ఆ స్కడర్ల కుటుంబానికే చెందిన ఐడా స్కడర్ స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. పరాయి మగవాడి చేత వైద్యం చేయించుకోవడానికి ఒప్పుకోని ఇళ్లలో బాలింతలు ప్రాణాలు పోగొట్టుకోవడం చూసి ఆమె డాక్టరైంది. మా అవ్వకు మాత్రం పదహారో ఏట ఒక ఉపదేశితో పెళ్లి కుదిర్చారు. వరుణ్ణి చూసింది పెద్దలే. ఇరుకైన ఆ రెండో ఆశయం మా ఇంట్లో నెరవేరింది ఆ రకంగా.

ఇరవై ఏళ్ల తరువాత మా పెద్దమ్మ నర్సు చదువుకు ట్రంకుపెట్టెతో వేలూరు బస్సు ఎక్కింది. కిటికీ దగ్గర నిలబడి మా అవ్వ అడిగిన మాట ఒక్కటే: "ఆడ గూడా వంతులుంటాయా పాపా?"