గంప కింద మొదటి అరగంట

అందరికీ నమస్కారం.

మిద్దె మీదో, ఇంటి వెనక కాస్త జాగాలోనో నాలుగైదు కోళ్లు పెంచుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది. కొందరివి నాటుకోళ్లు. కొందరివి మన హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన వనరాజా, గ్రామప్రియ రకాలు. ఈ ఊళ్లో కుక్కను చూసే డాక్టరు దొరికినంత తేలిగ్గా కోడిని చూసే డాక్టరు దొరకడు. అందుకే ఇంటి వైద్యం తెలిసుండాలి. అది ఎక్కడిదాకా పనిచేస్తుందో అంతకంటే బాగా తెలిసుండాలి.

కోడి జబ్బును దాచుకుంటుంది. నీరసంగా కనిపిస్తే మందలో మిగతావి పొడుస్తాయి కాబట్టి ఓపిక ఉన్నంతసేపు మామూలుగానే తిరుగుతుంది. ఈకలు ఉబ్బించి, కళ్లు మూసి మూలన కూర్చుందంటే అప్పటికే ఒకటి రెండు రోజులు ఆలస్యమైనట్టు. అప్పుడు పసుపు డబ్బా కోసం పరిగెత్తకండి, ముందు గంప తెచ్చి కోడిని వేరుచేయండి. చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం, ఈ మూడే మొదటి మందు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల పైనే ఉంటుంది. జబ్బుపడ్డ కోడి ఆ వేడిని నిలుపుకోలేదు. చలికాలమైతే అట్టపెట్టెలో ఒక పక్కన 60 వాట్ల పాతరకం బల్బు పెట్టండి, ఎల్‌ఈడీకి వేడి రాదు. రెండో పక్క ఖాళీగా వదలాలి, వేడెక్కువైతే కోడి అటు జరుగుతుంది.

నీళ్లు తాగించేటప్పుడే చాలా కోళ్లు చచ్చిపోతున్నాయి. ముక్కు తెరిచి చూడండి, నాలుక మొదట్లో చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అది గాలిగొట్టం. తల వెనక్కి వంచి చెంచాతో పోస్తే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సూది లేని సిరంజితో ముక్కు పక్క అంచు మీద ఒక్కో చుక్కే వేయండి. కోడి తనే గుటకేస్తుంది. గుటక వేయలేని కోడికి ఏదీ పోయకండి.

ఇక గాయాలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదటికొస్తుంది. గోరు విరిగితే మైదాపిండి అద్ది నొక్కితే చాలు. తర్వాత గాయం చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించండి. పీకితే పలచని తోలు చీలుతుంది. లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే తలగొట్టిన టీస్పూనుతో ఒకటిన్నర, కలిపి సిరంజితో ధారగా కడగాలి. పోవిడోన్ అయొడిన్ ఉంటే నీళ్లలో పలచని డికాక్షన్ రంగు వచ్చేదాకా కలిపి వాడండి. పసుపు, కొబ్బరినూనె ముద్ద పైపైన గీరుకున్న చోటే పనికొస్తుంది. లోతు గాయంలో పసుపు కూరితే పైన పక్కు కట్టి, చీము లోపలే నిలిచిపోతుంది. వానాకాలం ఈగలతో మరీ జాగ్రత్త. ఈకల మొదట్లో బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లగా కనిపిస్తే అవి ఈగ గుడ్లు. ఆ రోజే దువ్వి తీసేయకపోతే పురుగులు పడతాయి.

పిల్లి పట్టిన కోడికి పైన చుక్క రక్తం కనపడకపోయినా ఊరుకోవద్దు. పిల్లి కోర సూదిలా లోతుకు దిగుతుంది, దాని నోటిలోని క్రిములు ఒకటి రెండు రోజుల్లో కోడి ప్రాణం తీయగలవు. అదే రోజు డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ వేయించాల్సిందే.

సంక్రాంతి తర్వాత మిద్దె కోళ్ల కాళ్లు తప్పకుండా చూడండి. తెగిన మాంజా, రాలిన తలవెంట్రుకలు వేళ్లకు చుట్టుకుంటాయి. కోడి నడిచేకొద్దీ ముడి బిగిసి, దారం తోలులోకి దిగిపోయి, వేలు ఉబ్బి నల్లబడుతుంది. వెలుతురులో కాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, దారం కొస పట్టకారుతో ఎత్తి, చిన్న కత్తెరతో తుంచుతూ తీయాలి. ఒక్క చుట్టు మిగిలినా వేలు దక్కదు.

గుడ్డు అడ్డం పడితే పెట్ట తోక దించి, బాతులా నిలబడి, ఊరికే ముక్కుతుంటుంది. మీ మణికట్టుకు హాయిగా తోచే వెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా 20 నిమిషాలు ఉంచండి. తుడిచి ఆరబెట్టి, గుడ్డు వచ్చేచోట కొబ్బరినూనె రాసి, చీకటి గంప కింద వదలండి. 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రలో సగం పొడిచేసి మేతలో ఇవ్వొచ్చు. తాంబూలం సున్నం మాత్రం వద్దు, నోరు, గొంతు కాలిపోతాయి. పొట్ట నొక్కి గుడ్డు బయటికి తీయాలని చూడకండి. లోపల పగిలితే పెంకు గుచ్చుకుని చీము పడుతుంది. ఆ రోజు గడిచేలోపు గుడ్డు రాకపోతే డాక్టరు పని.

గొంతు కింద మేతసంచిని తెల్లవారి మేత వేయకముందే తడమాలి. ఆ వేళకు అది ఖాళీగా ఉండాలి. గట్టిగా ఉంటే గోనెపోగులో, గడ్డో ఇరుక్కున్నట్టు: మేత ఆపి, నీళ్లు అందుబాటులో పెట్టి, మెల్లగా పిసకండి. మెత్తగా ఉండి పులిసిన వాసన వస్తే తలకిందులు చేసి కక్కించేవాళ్లున్నారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి అక్కడికక్కడే పోవచ్చు.

మే నెల ఎండలో నోరు తెరిచి రొప్పుతుంటే నీడకు తెచ్చి, కాళ్లు చల్లనీళ్లలో పెట్టండి. ఐసు నీళ్లు కాదు.

కొక్కెర తెగులుకు, అంటే రాణిఖేత్ వైరస్ జబ్బుకు, ఇంట్లో మందు లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, మిరియాలు నూరి మింగిస్తే తగ్గిందని చెప్పేవాళ్లు చాలామంది. వాళ్ల మీద గౌరవంతోనే చెబుతున్నాను, పచ్చటి రెట్ట, మెడ మెలితిరగడం కనిపించాక ఏ ఆకూ ఆ వైరస్‌ను ఆపదు. ఆపేది టీకా ఒక్కటే. పిల్లకు మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క కంట్లో, ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ అనే టీకా సూది. లసోటాను నల్లా నీళ్లలో కలిపి తాగించకండి, అందులోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. సీసా ఐసు మీదే ఉంచి, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి.

రెండు మూడు కోళ్లు ఒకేసారి, తురాయి నీలంగా మారి చచ్చిపోతే కోయొద్దు, తినొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, చేతులతో ముట్టుకోవద్దు. వెంటనే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.