21 రోజుల లెక్క, గ్రౌండ్ గేటు తాళం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, షుగర్, బీపీ చూస్తున్న నర్సమ్మలకు, పొద్దుగాలే వచ్చిన అక్కలకు, అన్నలకు అందరికీ దండం. పేర్లు చదివితే ఎండెక్కుతుంది, మన్నించండి.

వ్యాయామం అలవాటు కావడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పమన్నారు. అందరూ 21 అంటారు. అమెరికా ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్, ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడేందుకు కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ముఖానికి చెప్పిన లెక్కను మనం కాళ్లకు తగిలించాం. 22వ రోజు బద్ధకమైతే ‘నాతో కాదు’ అని ఇంట్లో కూర్చుంటున్నాం. నా బాధ అదే.

లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం, రోజూ ఒక కొత్త పని అలవాటు చేసుకుంటున్న 96 మందిని 12 వారాలు గమనించి, 2009లో ఫలితాలు ప్రకటించింది. పని దానంతటదే జరిగిపోయే దశకు మధ్యస్థంగా 66 రోజులు. ఒకరికి 18 చాలు, ఇంకొకరికి 254 దాకా పడుతుందని అంచనా. నీళ్లు తాగడం తొందరగా అలవాటైంది, వ్యాయామం ఆలస్యంగా. పెళ్లిళ్ల సీజన్లో మానేసి, మొహమాటపడి మళ్లీ రాని అక్కలూ, వినండి: ఒక్క రోజు తప్పితే అలవాటేమీ చెడలేదని కూడా వాళ్లే తేల్చారు. నిన్న చుట్టాలొచ్చారా? ఇవాళ రండి!

ఆ 96 మందీ తమ పనిని రోజూ ఉండే ఒక గుర్తుకు ముడిపెట్టారు, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు లాగా. మనకు ఆ గుర్తు, పొద్దున్నే నడిచే ఈ గ్రౌండే. అయిదింటికి వస్తే గేటుకు తాళం! ఒకసారి ఎగ్జిబిషన్, ఒకసారి మీటింగ్. అవి పోయాక గుంతలు, మేకులు. అడిగితే పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పొమ్మంటారు. బండి ఉన్నవాళ్లు పోతారు. ఇల్లు ఊడ్చి, పిల్లల టిఫిన్ డబ్బా కట్టి అరగంట మిగుల్చుకున్న అక్క ఎట్లా పోతుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటోంది. అంటే ఆ అరగంటే, అయిదు రోజులు. దాన్నీ లారీల మధ్య రోడ్డు మీద నడవమంటారా?

ఫ్లోరైడ్ నీళ్లతో వెన్నూ మోకాళ్లూ బిగుసుకుపోయిన మనుషుల్ని చూసిన నల్గొండ ఇది. కాళ్లు ఆడడం ఎంత విలువో మనకు ఒకరు చెప్పాలా?

ఇంకా చెప్పాలనుకున్నవి ఉన్నాయి, పక్కన పెడుతున్నాను. అయిదు నుంచి ఏడు దాకా గేటు తీయాలి, ఏ కార్యక్రమం ఉన్నా చుట్టూ నడిచే దారి వదలాలి. దరఖాస్తు రాసుకొచ్చాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇద్దాం. అక్కా, ముందు వరుసలో మీరే, ఇదిగో పెన్ను. సంతకం పెట్టి పక్కవాళ్లకు ఇవ్వండి.