మైలోమా తిరగబెడితే ఏ మందు? ముందు పాత ఫైలు తీయండి

నమస్కారమండీ. అమలాపురం, రాజోలు, భీమవరం వైపు వాళ్లు ఈ వీడియో కాస్త ఓపిగ్గా చూడండి. మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే ఒక రకం బ్లడ్ క్యాన్సర్, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. వెంటనే అడిగేది, "కొత్త మందేమన్నా వచ్చిందా?" అని. కానీ ముందు తేలాల్సింది, ఏ మందు వాడుతుండగా జబ్బు తిరగబెట్టిందన్నది.

(తెరపై: పాత చీటీలు, డిశ్చార్జి సమ్మరీ)

మైలోమాకు వాడే లెనాలిడోమైడ్ వేసుకుంటుండగానే ఎం ప్రోటీన్ (మైలోమా కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్) పెరిగిందంటే, జబ్బు ఆ మందుకు లొంగడం లేదన్నమాట. అప్పుడు డారాటుముమాబ్, కార్ఫిల్జోమిబ్, పోమాలిడోమైడ్ లాంటి వాటిలో కొన్నిటిని డెక్సామెథాసోన్‌తో కలిపి ఇస్తారు. అలా కాక, మందులు ఆపేశాక కొన్నేళ్లు జబ్బు సద్దుమణిగి ఉంటే పాత మందే మళ్లీ పనిచేయొచ్చు. కొందరికి రెండోసారి స్టెమ్ సెల్ (మూలకణాల) ట్రాన్స్‌ప్లాంట్ కూడా ఆలోచిస్తారు. కార్-టి, అంటే మన ఒంట్లోని రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స గురించి చాలామంది అడుగుతున్నారు. మైలోమాకు మొదటి కార్-టిని అమెరికాలో అనుమతించింది 2021లో. దాని గురించి మాట్లాడాలన్నా డాక్టరు ముందు చూసేది ఈ ఫైలే.

ఎం ప్రోటీన్ కొంచెం పెరగ్గానే మందు మొదలుపెట్టాలనేం లేదు. ఎముకల నొప్పి, రక్తహీనత, కిడ్నీ ఇబ్బంది లేకుండా అంకె మెల్లగా పెరుగుతుంటే, కొన్నాళ్లు పరీక్షలు చేస్తూ గమనిస్తారు.

ఇక ఒంటి సంగతి. ఇదివరకు బోర్టెజోమిబ్ అనే మైలోమా మందు వాడితే, దాంతో అరికాళ్లు మంటలెత్తాయా? గుండె జబ్బు, బీపీ ఉన్నాయా? ఉంటే కార్ఫిల్జోమిబ్ విషయంలో జాగ్రత్త పడాలి. ఇవి అడక్కపోయినా చెప్పండి.

దూరం కూడా చెప్పాలి, మొహమాటపడొద్దు. డారాటుముమాబ్ సాధారణంగా మొదటి రెండు నెలలు వారం వారం ఇస్తారు. లంక గ్రామాల నుంచి వరద రోజుల్లో ప్రతి వారం రాజమండ్రో విశాఖో వెళ్లడం ఎంత కష్టమో డాక్టరుకి తెలియాలి కదా! పోమాలిడోమైడ్ అయితే ఇంట్లో వేసుకునే గుళికే. లెనాలిడోమైడ్, పోమాలిడోమైడ్, బోర్టెజోమిబ్‌లకు మన దేశంలో తయారయ్యే జనరిక్‌లున్నాయి. ఖర్చు సంగతీ అదే రోజు మాట్లాడేయండి.

(తెరపై: బ్లడ్ గ్రూప్ రిపోర్టు)

డారాటుముమాబ్ మొదటి డోసుకు ముందే బ్లడ్ గ్రూప్, యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించండి. ఆ మందు ఎక్కాక రక్తం సరిపోల్చే పరీక్ష తికమకపెడుతుంది. రక్తం ఎక్కించాల్సి వస్తే, ఈ మందు వాడుతున్నామని బ్లడ్ బ్యాంకులో తప్పక చెప్పండి.

నడుం నొప్పి తట్టుకోలేక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ మాత్రం చేయించుకోవద్దు. మైలోమా ఉన్నవాళ్ల కిడ్నీలు దానికి త్వరగా దెబ్బతింటాయి. నొప్పికి ఏం వాడాలో మీ క్యాన్సర్ డాక్టరునే అడగండి.