తెల్ల పెయింట్ సరే, మేడ మీదికి ఎవరైనా ఎక్కారా?

మేనకోడలు: నమస్కారం. ఇవాళ మా మామయ్యను పట్టుకొచ్చాను. సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మామయ్యా, మాది పై అంతస్తు కదా. ఏప్రిల్ వస్తే అర్ధరాత్రి కూడా స్లాబ్ సెగలు కక్కుతోంది. ఎండను వెనక్కి కొట్టే తెల్ల కూల్ పెయింట్, ఫాల్స్ సీలింగ్, కిటికీల సందులు మూసే రబ్బరు పట్టీలు, సోలార్... అన్నిటికీ కొటేషన్లు తీసుకున్నాం.

మామయ్య: వాళ్లలో ఎవరైనా మేడ ఎక్కి చూశారా?

మేనకోడలు: ఫోన్‌లోనే ఎన్ని అడుగులో అడిగారు.

మామయ్య: (నవ్వు) అదీ సంగతి. తెల్ల పూత మంచిదేనమ్మా. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి కూడా చేశారు. మా అమ్మ డాబాకి సున్నం కొట్టించిందీ ఆ చల్లదనం కోసమే. కానీ మీ హాల్లో ఫ్యాన్ పక్కన గోధుమరంగు మరక ఉంది, సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను.

మేనకోడలు: అది పాతదే మామయ్యా.

మామయ్య: పాతదైతే మరీ భయం! నీళ్లు దిగితే చువ్వలు తుప్పు పడతాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోస్తుంది. పెచ్చులు ఊడేది అలాగే. ఆ తడి ఆరకముందే పైన పూత వేశారనుకో, బుడగలు కట్టి లేస్తుంది. కింద ఫాల్స్ సీలింగ్ కూడా కొట్టించారా, ఇక మరకే కనబడదు, పెచ్చు మీద పడేదాకా తెలీదు. చిన్న సుత్తితో స్లాబ్‌ను కింది నుంచి తట్టించు. డొల్లగా మోగిన చోట ముందు రిపేరు.

మేనకోడలు: పెయింట్ బదులు ఇటుక ముక్కలతో మందంగా ఒక పొర వేయించమని మేస్త్రీ అన్నాడు.

మామయ్య: ఆ తప్పు నేనే చేశాను, ఇంజనీరునై ఉండి! మా డాబా మీద నాలుగంగుళాలు పోయించాను. తర్వాత లెక్క వేస్తే చదరపు మీటరుకు 180 కిలోలు దాటింది. మనుషులు తిరిగే మేడకు మామూలుగా డిజైన్‌లో వదిలే బరువే 150 కిలోలు. మళ్లీ మొత్తం కొట్టించి దింపించాను. మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది.

మేనకోడలు: మరి రబ్బరు పట్టీలు? వాటితో ఏముంది?

మామయ్య: నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. మీకు బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంది. గాలి ఆడకపోతే గ్యాస్ సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. స్నానానికి వెళ్లినవాళ్లు అక్కడే పడిపోతారు. ముందు గీజర్ బయటికి మార్చండి, ఆ తర్వాతే పట్టీలు.

మేనకోడలు: అమ్మో... పని చేసేవాళ్లకు కూడా ప్రమాదమేనా?

మామయ్య: ఆస్ట్రేలియా సంగతి చెప్తాను. 2009లో అక్కడి ప్రభుత్వం ఇళ్ల పైకప్పుల్లో ఇన్సులేషన్ వేయడానికి డబ్బిచ్చింది. హడావుడిగా కొత్త కుర్రాళ్లను అటకల్లోకి ఎక్కించారు. నలుగురు పోయారు. ముగ్గురు కరెంటు షాక్‌తో, ఒకడు అటకలోని వేడికి. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు, తర్వాత రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ కూడా జరిగింది. అందుకే సీలింగ్ పనివాడు డ్రిల్లింగ్ మిషన్ పట్టుకునే ముందు మెయిన్ ఆపి, వైర్లు ఎటు పోయాయో చూపించు.

మేనకోడలు: అయితే వరస చెప్పండి.

మామయ్య: లీకులు, గీజర్, వైరింగ్ ముందు. సోలార్ స్టాండ్ల కాళ్లు స్లాబ్‌కు బిగించాకే పూత. పూత వేశాక బోల్టుల కోసం స్లాబ్‌కు కన్నాలు పెడితే ఆ డబ్బంతా వానలో పోసినట్టే.

మేనకోడలు: ఫాల్స్ సీలింగ్?

మామయ్య: రెండు వానాకాలాలు పోనీ. ఆ మరక మళ్లీ రాకపోతే అప్పుడడుగు.